అరవై రెండు నడుములు

నేను చేసింది ఒక్కటే. ఫోన్లో ఒక గ్రూపు పెట్టాను. అదీ మంచి ఉద్దేశంతోనే పెట్టాను. మా ఆవిడ మాత్రం "అది మంచి ఉద్దేశం కాదు, మీ పొట్ట ఉద్దేశం" అంటుంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఎవరిది నిజమో మీరే తేల్చండి.

నేను దర్జీని. ఇరవై ఆరేళ్లుగా మగవాళ్ల ప్యాంట్లు, చొక్కాలు కుడుతున్నాను. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోకుండా కత్తెర ముట్టను. మా ఇంటి ముందుగదే దుకాణం. కత్తిరించడం, కుట్టడం నా పని. కాజాలు, గుండీలు, అంచులు మా ఆవిడ పని. పొద్దస్తమానం ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుంటాం. ఆమె చేతిలో ఒక సూది, నా నోట్లో పన్నెండు గుండుసూదులు. అయినా గుచ్చేది ఎప్పుడూ ఆవిడే.

ఈ వృత్తిలో ఉన్నవాడికి ఒక గర్వం ఉంటుంది. ఫలానా మనిషి లావెక్కాడని డాక్టరుకంటే ముందు, కట్టుకున్న భార్యకంటే ముందు దర్జీకి తెలుస్తుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ప్యాంటు వెనక కుట్టులో అంగుళం గుడ్డ వదిలేవాళ్లం, మనిషి లావైతే విప్పి వదులు చేయడానికి. తర్వాత అది రెండంగుళాలైంది. ఇప్పుడు మూడు. కొందరికి లోపల వదిలిన గుడ్డతో ఇంకో నిక్కరు కుట్టొచ్చు. దేవుడు మనిషికి చర్మం కుట్టినప్పుడు లోపల ఎన్ని అంగుళాలు వదిలాడో ఆయన్నే అడగాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఆయన కూడా నాలాగే, రేపు వచ్చి విప్పమంటారని ముందే తెలిసి కుట్టాడేమో.

ఈ మాటే ఒకరోజు మా ఆవిడతో అన్నాను.

"దేవుడి కుట్టు సంగతి తర్వాత. మీరు మిషను ముందు కూర్చుంటే గుడ్డకంటే ముందు మీ పొట్ట వెళ్తోంది సూది కిందికి" అంది.

"దర్జీకి పొట్ట కుర్చీ వల్ల వస్తుంది. అది వృత్తి గుర్తు."

"అలాగా. అయితే రేపట్నుంచి పొద్దున్నే ఆరింటికి నడకకు వెళ్లండి. మీ వృత్తి గుర్తుని కూడా వెంట తీసుకెళ్లండి."

మా ఇంట్లో 'రేపట్నుంచి' అంటే నిజంగానే రేపట్నుంచి. నాకు ఏదో ఒక సాకు కావాలి. ఆ సాకు ఆ మధ్యాహ్నమే ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చింది.

ఆయన ఆరోగ్య శాఖలో ప్రచారం చూసే అధికారి. మేం ఆయన్ని ప్రచారంగారు అంటాం. కాళ్లు కొలుస్తుంటే ఆయన పైనుంచి ఉపన్యాసం ఇచ్చాడు. "పెద్దవాళ్లకు ఆరోగ్య సూత్రాలు చెబితే వినరయ్యా. నలుగురూ చూస్తున్నారంటే వింటారు. ఫోన్లో ఒక గ్రూపు పెట్టాలి. ఎవరెంత తగ్గారో వేయాలి. తగ్గినవాళ్లకు చప్పట్ల బొమ్మలు పెట్టాలి. మందులు చేయలేని పని చప్పట్లు చేస్తాయి."

నేను మోకాళ్ల మీదే ఉండిపోయాను. నాకు ఆ మాట పైనుంచి వచ్చిన ఆదేశంలా వినిపించింది. పైనుంచే వచ్చింది కదా మరి, ఆయన నిలబడి ఉన్నాడు.

సాయంత్రం మా ఆవిడతో చెప్పాను. "నేను అందరి నడుములూ తగ్గించే పనిలో పడుతున్నాను. ఇక నడకకి తీరిక ఉండదు."

"అందరి నడుముల్లో మీది లేదా?"

"దర్జీ తన కొలత తాను తీసుకోకూడదు. వంగితే టేపు అబద్ధం చెబుతుంది."

"నిటారుగా నిలబడితే మీరు చెబుతారు" అంది.

నాకు ఫోన్లో రాయడం రాదు. నా వేలు ఒక అక్షరం మీద పెడితే మూడు అక్షరాలు మూలుగుతాయి. అందుకని నేను చెప్పడం, ఆవిడ నా పేరుతో రాయడం అని ఒప్పందం కుదిరింది. గ్రూపుకి 'ఇంచీ ఇంచీ ఆరోగ్యం' అని పేరు పెట్టాం. అరవై రెండు మంది చేరారు. పదిహేను రోజులకోసారి అందరూ దుకాణానికి రావాలి, నేను నడుం కొలుస్తాను, కొలత గ్రూపులో పడుతుంది.

"పేర్లు వేయకూడదు. పరువు సంగతి. నా కొలతల పుస్తకంలో ప్రతివాళ్లకీ ఒక నంబరుంది. ఆ నంబర్లు వేద్దాం" అన్నాను.

మా ఆవిడ కాజా కుడుతూ తలెత్తింది. "ఆ నంబర్లేనా?"

"ఆ నంబర్లే."

"ఆలోచించుకునే చెబుతున్నారా?"

"ఇందులో ఆలోచించడానికేముంది? నంబరు చూసి మనిషినెవరు పోలుస్తారు?"

"సరే" అంది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆవిడ 'సరే' అంటే నేను భయపడటం నేర్చుకోలేదు.

మొదటి కొలతలు పొద్దున పదింటికి గ్రూపులో పడ్డాయి. పదింపావుకి మొదటి ఫోను వచ్చింది. ఇక్కడ మీకో చిన్న విషయం చెప్పాలి. నా పుస్తకంలో ఉన్న నంబరే నేనిచ్చే రసీదు మీద కూడా రాస్తాను. లేకపోతే ఎవరి ప్యాంటు ఎవరిదో తెలియదు. బట్టలు కొలతకిచ్చేది మగవాళ్లు, కుట్టాక తీసుకెళ్లేది వాళ్ల భార్యలు. అంటే ఆ రసీదులన్నీ ఆడవాళ్ల చేతిసంచుల్లో ఉన్నాయి.

పదకొండుకల్లా అన్ని ఇళ్లల్లోనూ మగవాళ్ల ఫోన్లు చూసి సంచులు తెరిచారు. బ్యాంకు క్యాషియరు పరుగెత్తుకొచ్చాడు. "మా ఆవిడకి ముప్పై ఎనిమిదని చెప్పుకున్నాను. నువ్వేమో నలభై రెండు వేశావు. నాలుగంగుళాలు ఎక్కడ దాచావని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

బస్సు కండక్టరు భార్య అయితే రసీదు పట్టుకుని వచ్చి, అదే నంబరని నా చేత ఒప్పించుకుని మరీ వెళ్లింది.

"నంబరు చూసి మనిషినెవరు పోలుస్తారు?" అంది మా ఆవిడ, నా గొంతుతో.

"ముందే చెప్పొచ్చు కదే."

"రెండుసార్లు అడిగాను. మూడోసారి అడిగితే దాన్ని సాధింపంటారు."

ఇక గ్రూపు ఆ పూటే ఖాళీ అవుతుందనుకున్నాను. ఒక్కరూ పోలేదు. నంబరు వెనక మనిషెవరో తెలిశాకే అసలు పోటీ మొదలైంది. పక్కవాడి నడుం మీద మనుషులకు ఇంత ఆసక్తి ఉంటుందని దేవుడికి తెలిసే దాన్ని వెనకవైపు కూడా కనిపించేలా పెట్టాడు.

కొలత రోజున దుకాణంలో చూడాలి. క్యాషియరు గుమ్మం దగ్గరే ఊపిరి బిగబట్టి, మాట్లాడకుండా సైగలతో తొందరపెట్టేవాడు. టేపు తీసేసరికి వంకాయ రంగుకి వచ్చేవాడు. కండక్టరు ముందురోజు మధ్యాహ్నంనుంచి తిండి మానేసి, బల్ల పట్టుకుని నిలబడేవాడు. రిటైరైన హెడ్మాస్టరుగారు నా టేపునే అనుమానించారు.

"ఇది పాతది. సాగిపోయింది."

"సాగితే మీ నడుం తక్కువే చూపిస్తుంది మాస్టారూ."

ఆయన ఒక నిమిషం లెక్క వేసుకున్నారు. "అయితే మంచి టేపే. మార్చకు" అన్నారు.

ఇప్పుడు మా బావ సంగతి. మా ఆవిడకి స్వయానా అన్నయ్య. మా వీధి మలుపులో బేకరీ ఉంది. నంబరు రెండొందల పన్నెండు, నడుం నలభై నాలుగు. చిన్నప్పటినుంచీ లావే. అందరూ బన్ను అని పిలిచేవారు. ఎదుటివాడు నవ్వేలోగా తానే నవ్వేసేవాడు. మొదటిసారి గ్రూపులో ఆయన కొలత పడగానే కింద పంతొమ్మిది నవ్వు ముఖాలు వచ్చాయి. మర్నాడు రొట్టె చుట్టిస్తూ, "పంతొమ్మిదిమంది నవ్వారు బావా" అని ఆయనా నవ్వాడు. మా ఆవిడ మాత్రం ఆ రొట్టె తినలేదు.

బావ కొత్త బూట్లు కొన్నాడు. పొద్దున పొయ్యి అంటించాక ఒక గంట నడిచేవాడు. తర్వాతి కొలత నలభై మూడు. ఆపైది నలభై ఒకటిన్నర. తర్వాత నలభై. నవ్వు ముఖాలు పోయి చప్పట్లు వచ్చాయి. పది, ఇరవై, యాభై. 'ఈ పక్షం వీరుడు: 212' అని నేను చెప్పడం, మా ఆవిడ రాయడం. ఇప్పుడు బేకరీకి వచ్చిన ప్రతివాడూ బావ నడుం చూసి, తర్వాతే కేకులవైపు చూసేవాడు.

రహస్యమేంటని గ్రూపులో అందరూ అడిగారు. "ఏం లేదు. దాహం బాగా వేస్తోంది. నీళ్లు తాగుతున్నాను" అని బావ రాశాడు. అంతే, వారంపాటు అరవై రెండు మందీ నీళ్లే నీళ్లు. కండక్టరు దారిలో రెండుచోట్ల బస్సాపి దిగాల్సి వచ్చింది. ప్రయాణికులు ఏమిటని అడిగితే ఆరోగ్యం అన్నాడట.

ఒకరోజు మా ఆవిడ గుండీ కుడుతూ కుడుతూ ఆగింది.

"అన్నయ్యకి ఒంట్లో బాగోలేదండీ."

"బాగోలేకపోవడం కాదే. ఒళ్లు తగ్గడం."

"కళ్లు చూశారా?"

"నేను నడుం చూస్తాను."

"మెడ చూశారా? కాలరులో నా పిడికిలి పడుతోంది."

"కాలరు సరిచేసిస్తాను, తీసుకురమ్మను."

"నిన్న గోడ గడియారం ఎదురుగా నిలబడి టైమెంతని నన్నడిగాడు. అంకెలు అలికేసినట్టున్నాయట."

"కళ్లజోడు మార్చాలి."

"మనిషిని చూడమంటే ఒక్కో ముక్కా సరిచేస్తానంటారేంటి? ఆయనేమైనా చొక్కానా?" అంది. నేను గుండుసూదులు నోట్లో పెట్టుకున్నాను. జవాబు లేనప్పుడు మా వృత్తిలో అదొక సౌకర్యం.

జవాబు లేక కాదు, నాకు జవాబు వద్దు. ఎందుకంటే అప్పటికి ప్రచారంగారు సభ పెడుతున్నారు. పెద్ద హాలు, వేదిక, దాని మీద బావ, పక్కన నేను. ఐదు నిమిషాలు నేను మాట్లాడాలి. ఇన్నేళ్లలో నన్నెవరూ వేదిక మీదికి పిలవలేదు. వేదిక మీది వాళ్లందరికీ కోట్లు కుట్టాను, అంతే. నాకోసం ఒక కోటు కుట్టుకుందామని కూర్చున్నాను. కొలత తీయడానికి మా ఆవిడే దిక్కయింది.

తీసింది. ఊరుకోలేదు. అరగంటలో గ్రూపులో, నా పేరుతో: 'దర్జీ: 43. బావ దిగివస్తుంటే నేను ఎక్కుతున్నాను.' ఒక్క చప్పట రాలేదు. హెడ్మాస్టరుగారు మాత్రం 'ముందు గురువుకి క్రమశిక్షణ ఉండాలి' అని రాశారు. నేను రెండురోజులు దుకాణం తలుపు సగమే తీశాను. అయినా నా నడుం కనిపించిందట.

ఆ కొలత మీద మా తగవు అయ్యాక ఆవిడ ఇంకేమీ వెటకారం ఆడలేదు. నా దగ్గరికొచ్చి మామూలుగా అడిగింది. అదే నాకు కష్టమనిపించింది.

"సభ మానమనడం లేదండీ. ఒక్కసారి అన్నయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నేను చెబితే ఆడదాని భయం అంటున్నాడు. మీరు చెబితే వింటాడు."

"సభ ఇంక పన్నెండు రోజులే ఉంది. ఈలోగా ఆసుపత్రికి వెళ్తే జనం ఏమనుకుంటారు? జబ్బు చేసి తగ్గాడనుకుంటారు."

అన్నాను. పొద్దున దేవుడి పేరు తలిచిన నోరే ఇది. ఆయన దీన్నెందుకు అడ్డుకోలేదో నాకిప్పటికీ తెలియదు. గుండుసూదులు కూడా ఆ సమయానికి బల్లమీదే ఉన్నాయి.

అయినా మనసు ఊరుకోక బేకరీకి వెళ్లాను. బావ స్టూలు మీద కూర్చుని, ఒక బూటు విప్పుకుని ఉన్నాడు. బొటనవేలు దగ్గర నల్లగా ఉంది.

"ఏమైంది బావా?"

"కొత్త బూటు కరిచింది. మూడు వారాలైంది. నొప్పేమీ లేదు."

"ఓసారి డాక్టరుకి చూపించుకోరాదూ, అన్నీ కలిపి."

"డాక్టరుకా?" బావ నవ్వాడు. "ఇరవై ఏళ్లుగా ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పడిశం పట్టిందన్నా ఒకటే మాట, బరువు తగ్గు. ఇప్పుడు తగ్గాను. ఇంకేం చెబుతారు?" ఫోను తీసి నా ముందు పెట్టాడు. "ఇదిగో, చూడు. యాభై ఎనిమిది చప్పట్లు. నాకు నలభై ఎనిమిదేళ్లు బావా. పెళ్లిలో కూడా నన్ను చూసి నవ్వారే కానీ, ఒక్కరు చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు."

నేను ఇంకోసారి చెప్పాలి. చెప్పలేదు. వేలికి దూది పెట్టుకోమన్నాను. ఇంటికొచ్చి, "చెప్పాను, వినలేదు" అన్నాను. మా ఆవిడ నా ముఖం వైపు చూసి, "ఎన్నిసార్లు చెప్పారు?" అని మాత్రం అడిగింది.

మర్నాడు మధ్యాహ్నం క్యాషియరు ఫోను చేసి, "కొత్త రూలు బాగుంది" అన్నాడు. ఏ రూలో నాకు తెలియదు. మా ఆవిడ చేతే ఫోను తెరిపించుకుని చదివించుకున్నాను. నా పేరుతోనే ఉంది: 'ఈ పక్షం నుంచి టేపు కొలత ఒక్కటే చెల్లదు. వీరుడు కావాలంటే రక్తపరీక్ష కాగితం కూడా జతచేయాలి. రేపు సాయంత్రంలోగా కాగితం రాకపోతే బిరుదు రెండో స్థానంలో ఉన్న క్యాషియరుగారికి వెళ్తుంది.'

"నేను చెప్పకుండా నా పేరుతో రూలు పెట్టావా?"

"ఇన్నాళ్లూ మీ పేరుతో రాస్తున్నది నేనే. మీ నడుం సంగతి తప్ప నిన్నటిదాకా అన్నీ మీరు చెబితే రాశాను. ఇవాళ చెప్పకుండా రాశాను. తేడా ఎవరికైనా తెలిసిందా?"

"బావ బాధపడతాడు."

"పడనివ్వండి. డాక్టరు కోసం వెళ్లడు, చెల్లెలి కోసం వెళ్లడు. చప్పట్ల కోసం వెళ్తాడు."

వెళ్లాడు. మరుసటి పొద్దున ల్యాబు తాళం తీయకముందే గుమ్మంలో నిలబడ్డాడట. రక్తం ఇచ్చి, అక్కడే కూర్చుని, కాగితం రాగానే చక్కెర అంకె చూశాడు. ఐదొందల ఎనభై. ల్యాబు ఆయన్ని అడిగాడట: "ఇది ఎక్కువుంటే మంచిదా, తక్కువుంటే మంచిదా?"

ల్యాబు ఆయన బావని ఇంటికి పంపలేదు. ఆటో ఎక్కించి తిన్నగా ఆసుపత్రికి పంపాడు.

మేం వెళ్లేసరికి బావ చేతికి సెలైను ఎక్కిస్తున్నారు. డాక్టరమ్మ దుప్పటి తీసి కాలు చూపించింది. చక్కెర జబ్బు నెలల కిందటే ముదిరిందట. ఒంట్లో కొవ్వూ కండా కరిగి నీళ్లలా పోతున్నాయట. అందుకే ఆ దాహం, అందుకే ఆ తగ్గడం. వేలికి స్పర్శ పోబట్టే నొప్పి తెలియలేదట. వేలు తీసేయాలని, కుళ్లు పైకి పాకితే ఇంకా ఎక్కువ తీయాల్సి వస్తుందని చెప్పింది.

"నాలుగు నెలల్లో మనిషి ఇంత చిక్కిపోతే ఇంట్లోవాళ్లు, చుట్టాలు, ఒక్కరైనా గమనించలేదా?" అని అడిగింది.

బావ భార్య ఏడుస్తోంది. నేను గోడ చూశాను. మా ఆవిడ నా వైపు చూడకుండానే చెప్పింది. "గమనించారండీ. ప్రతి పదిహేను రోజులకీ కొలత తీసి రాసుకున్నారు."

మర్నాడు వేలు తీసేశారు. బావ మత్తు దిగాక నన్ను చూసి, "వేలే కదా బావా. నడుం కొలతలోకి రాదులే" అన్నాడు. ఆయన ఎప్పటిలాగే ముందు నవ్వాడు. నేను వెనక నవ్వాలి. నావల్ల కాలేదు.

మా ఆవిడ ఆసుపత్రి వరండాలో కూర్చుని గ్రూపులో రాసింది: '212 ఆసుపత్రిలో ఉన్నారు. చక్కెర జబ్బు. ఒక వేలు తీసేశారు.' రెండు నిమిషాలు కాకుండానే ఫోను గిలగిలా కొట్టుకుంది. చప్పట్లు. ముప్పై ఒక్క చప్పట్లు. 212 అన్న అంకె కనబడితే చాలు, జనం వేళ్లు వాటంతటవే అక్కడికి వెళ్లాయి. చదివింది తర్వాత. కొందరు తీసేసుకున్నారు. కొందరు తీసేసుకోవడం మర్చిపోయారు. ఆవిడ ఫోను నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

ప్రచారంగారు ఫోను చేశారు. "చాలా బాధాకరం. మీ బావగారు త్వరగా కోలుకోవాలి. సభ మాత్రం ఆపలేం, హాలు తీసుకున్నాం. రెండో స్థానం ఎవరిది?"

ఆ సభకు నేను వెళ్లలేదని చెప్పుకోవాలని ఉంది. వెళ్లాను. కోటు వేసుకుని వెళ్లాను. క్యాషియరు ఊపిరి బిగబట్టి వేదిక మీద నిలబడ్డాడు. నేను ఐదు నిమిషాలు మాట్లాడాను. అందులో బావ లేడు. వెళ్లేముందు దేవుడికి దణ్ణం పెట్టుకుంటే ఆయన ఏమీ అనలేదు, దాన్ని అనుమతి అనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ అంచులు కుడుతోంది.

"బాగా మాట్లాడారా?"

"చప్పట్లు కొట్టారు."

"కొడతారు" అంది. ఆ తర్వాత తొమ్మిది రోజులు మా దుకాణంలో మిషను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నేనే కావాలని ఒకరోజు నా పొట్ట ప్రస్తావన తెచ్చాను. దానికీ ఉలకలేదు. తిట్టే మనిషి తిట్టడం మానేస్తే ఇల్లు ఎంత పెద్దదవుతుందో నాకప్పుడు తెలిసింది.

రెండు నెలలకి బావ కర్ర పట్టుకుని దుకాణానికి వచ్చాడు. సూది మందు పడుతోందట. ముఖానికి రంగొచ్చింది. పాత గొంతు వచ్చింది. ప్యాంటు బిగుతైందన్నాడు. కొలిచాను. పోయినసారి ముప్పై ఎనిమిదిన్నర. ఇప్పుడు నలభై.

"గ్రూపులో వేయి" అన్నాడు.

"ఎందుకులే బావా."

"ఏం?"

"పెరిగింది కదా."

బావ నవ్వలేదు. నేను చూడగా మొదటిసారి, ఆయన నవ్వలేదు. "చస్తూ తగ్గితే వేశావు. బతికి పెరిగితే వేయవా?"

మా ఆవిడ కుడుతున్న చేయి ఆపింది. నేను ఆవిడ వైపు చూసి, "రాయవే" అన్నాను. ఆవిడ ఫోను నా ముందుకు జరిపింది. "ఇది మీరే రాయండి."

రాశాను. నా వేలికి పావుగంట పట్టింది. '212: 40. ఆరోగ్యం వల్ల పెరిగింది.' ముగ్గురం ఫోను చూస్తూ కూర్చున్నాం. బావ కర్ర మీద గడ్డం ఆనించుకుని చూస్తున్నాడు. చాలాసేపటికి ఒక్కటి వచ్చింది. క్యాషియరు: 'బద్ధకించకూడదు. మళ్లీ తగ్గించాలి.' దాని కింద చప్పట్లు మొదలయ్యాయి. క్యాషియరుకి.

బావ లేచాడు. "ప్యాంటు ఎప్పుడిస్తావు?" అన్నాడు. రేపన్నాను. వెళ్లిపోయాడు. ఆ నడక చూసి నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

"ఈ గ్రూపు మూసేయవే. ఇప్పుడే. ఈ నిమిషమే" అన్నాను.

"మూసేద్దాం. ఒక్కొక్కరినీ తీయాలి."

"అందరినీ ఒకేసారి తీసే మీట ఏదో ఉంటుందిగా?"

"ఉంది. నాకు తెలుసు. మీకు చెప్పను."

"మరి?"

"ఒక్కొక్కరికీ మీరే ఫోను చేయాలి. ఎలా ఉన్నారని అడగాలి. నడుం మాట ఎత్తకూడదు. వాళ్లు చెప్పేదంతా వినాలి. ఆ తర్వాత తీసేయాలి. అప్పుడు ఎలా తీయాలో నేను చూపిస్తాను."

"అరవై రెండు మందికా?"

"అరవై రెండు నడుములు కొలిచారు కదా. ఎవరి నడుమో మీకే తెలుసు."

నేను గుండుసూదుల డబ్బా అందుకోబోయాను. అది ఆవిడ ఒళ్లో ఉంది.

అలా మొదలైంది. రోజుకి ఇద్దరు ముగ్గురు. వేరే పనేదో ఉండి చేశాననుకుని, "ప్యాంటు అయిందా?" అని అడుగుతారు. "అది కాదు. ఊరికే. ఎలా ఉన్నారు?" అంటాను. "బాగున్నాను. ఎందుకు?" అంటారు. ఇరవై ఆరేళ్లలో నేను వాళ్లనడిగిన మొదటి ప్రశ్న అదేనేమో. హెడ్మాస్టరుగారు బాగున్నానని చెప్పి, నీ సంగతేమిటని అడిగి, నేను చెప్పేలోగా పెట్టేశారు. క్యాషియరు తనను గ్రూపులోంచి తీసేయవద్దని బతిమాలుకున్నాడు. సభలో బహుమతిగా ఇచ్చిన బొమ్మ వాళ్లింట్లో టీవీ మీద ఉందట.

ఇప్పటికి పదిహేడుమందికి చేశాను. పదహారుమంది బాగున్నామన్నారు. పదిహేడోవాడు కండక్టరు. కొలతకి ముందు తిండి మానేసి బల్ల పట్టుకుని నిలబడేవాడే. ఎలా ఉన్నావని అడిగితే ఆయన కూడా ముందు బాగున్నాననే అన్నాడు. నేను పెట్టేయబోయాను. మా ఆవిడ కాజా మీదనుంచి తల ఎత్తకుండానే ఎడమచేయి చాపి నా మణికట్టు పట్టుకుంది.

"ఇంకోసారి అడగండి" అంది.

అడిగాను. అవతల బస్సు ఇంజను ఆగిన చప్పుడు వినబడింది.

"నీకు పనేమీ లేదు కదా?" అన్నాడు కండక్టరు. "అయితే కాస్త కూర్చో. చెబుతాను."